పదకొండుసార్లు ఓడి చాంపియనైన ఊరికి

సోమవారం, మాడ్రిడ్

స్పెయిన్ వెళ్తున్నానని చెబితే ప్రతి ఒక్కరూ రియల్ మాడ్రిడ్ స్టేడియం బెర్నబ్యూ చూస్తావా, బార్సిలోనా స్టేడియం క్యాంప్ నౌ చూస్తావా అనే అడిగారు. ఈసారి ఆ రెండింటి కోసం వెళ్లలేదు. నేను చూడాలనుకున్నది ఒక పాత సీజన్ జరిగిన ఊళ్లను. స్పెయిన్ ఫుట్‌బాల్ లీగ్ లా లిగాలో 1999-2000 సీజన్ అది. అంతకు ముందెప్పుడూ లీగ్ గెలవని డెపోర్టివో లా కొరూన్యా, అందరూ పిలిచే పేరు డెపోర్, ఆ ఏడాది చాంపియన్ అయింది. స్పెయిన్ లీగ్ గెలిచిన తొమ్మిదో క్లబ్ అది. ఆ తర్వాత కొత్త పేరు ఒక్కటీ ఆ జాబితాలో చేరలేదు. అదే సీజన్లో అట్లెటికో మాడ్రిడ్, బెటిస్, సెవిల్లా రెండో డివిజన్‌కి పడిపోయాయి. ఆ మూడూ ఒకప్పుడు లీగ్ గెలిచిన జట్లే. రియల్ మాడ్రిడ్ లీగ్‌లో ఐదో స్థానంతో సరిపెట్టుకుని, సీజన్ ముగిసిన ఆ మే నెలలోనే యూరప్ క్లబ్బుల పోటీ చాంపియన్స్ లీగ్ కప్పు ఎత్తింది. ఇన్ని తలకిందులు ఒకే ఏడాదిలో జరిగిన లీగ్ నాకు తెలిసి ఇంకోటి లేదు. ఆ ఊళ్లన్నీ తిరగాలని 2024 అక్టోబరులో బయల్దేరాను.

మా బావమరిది మాడ్రిడ్‌లో చదువుకుని అక్కడే ఉద్యోగంలో స్థిరపడ్డాడు. మన ఊళ్లో ఉన్నన్నాళ్లూ క్రికెట్ తప్ప వేరే ఆట ఎరగడు. ఇప్పుడు అట్లెటికో అంటే ప్రాణం పెడతాడు. స్పానిష్ వాడికి వచ్చు, నాకు రాదు. వారం రోజులు సెలవు పెట్టి నాతో వస్తానన్నాడు కానీ, ఒక షరతు పెట్టాడు. "బావా, మీ డెపోర్ కథ అంటే మా అట్లెటికో కథ కూడా. ముందు మా పాత గ్రౌండ్ చూడండి."

మెట్రోలో పిరమిదెస్ స్టేషన్‌లో దిగి మన్సనారెస్ నది వైపు నడిచాం. విసెంతె కాల్దెరోన్ స్టేడియం ఉండాల్సిన చోట కొత్త అపార్ట్‌మెంట్లున్నాయి. నది పక్కన ఎం-30 రింగ్ రోడ్డు పోయేది, ఒక పక్క స్టాండ్ ఆ రోడ్డు మీదుగా కట్టి ఉండేదట. అంటే కార్లు జనం కాళ్ల కింది నుంచి పోతుంటే పైన మ్యాచ్ నడిచేది. ఇప్పుడు దాని జాడ కూడా లేదు.

1996లో అట్లెటికో లీగ్, కోపా దెల్ రే కప్పు రెండూ గెలిచింది. నాలుగేళ్లు తిరిగేసరికి అదే క్లబ్ రెండో డివిజన్‌లో ఉంది. 1999 డిసెంబరులో కోర్టు జోక్యం చేసుకుని అధ్యక్షుడు హెసూస్ గిల్ చేతుల్లోంచి క్లబ్ నిర్వహణ తీసుకుంది. జట్టు ఆ దెబ్బ నుంచి కోలుకోలేదు. నన్ను ఎప్పుడూ కలచివేసేది జిమ్మీ ఫ్లాయిడ్ హాసెల్‌బైంక్ సంగతి. ఆ సీజన్‌లో 24 లీగ్ గోల్స్ కొట్టాడు. అతనికంటే ఎక్కువ కొట్టింది రేసింగ్ సాంటాండేర్ ఆటగాడు సాల్వా ఒక్కడే, 27. ఇరవై నాలుగు గోల్స్ కొట్టేవాడు ఉండి కూడా జట్టు పడిపోయింది. మా వాడు ఆ స్టేడియంలో మ్యాచ్ ఎన్నడూ చూడలేదు, వాడు స్పెయిన్ వచ్చేసరికే దాన్ని మూసేశారు. అయినా గోల్ పోస్టు ఎక్కడుండేదో, కార్నర్ ఎక్కడ కొట్టేవాళ్లో ఫోన్‌లో పాత ఫొటోలు పెట్టుకుని చూపిస్తూ పోయాడు.

మంగళవారం, రైల్లో

చమార్తిన్ స్టేషన్ నుంచి పొద్దున్నే కొరూన్యా రైలు. మూడున్నర గంటల ప్రయాణం. ఒకప్పుడు రాత్రంతా పట్టేదట. అందుకే కొరూన్యా ఉన్న వాయవ్య ప్రాంతం గలీసియా అంటే మిగతా స్పెయిన్‌కి చాలాకాలం దూరపు చుట్టంగానే ఉండిపోయింది.

సొరంగాలు దాటి ఔరెన్సె దగ్గర పడుతుండగా రైలు ఒక్కసారిగా నడక వేగానికి తగ్గింది. బయట ఒక షెడ్డు. దాని లోపలికి రైలు మెల్లగా దూరి, అటువైపు బయటికొచ్చింది. ఆ కాసేపట్లో చక్రాల మధ్య దూరం మారిపోయింది. మాడ్రిడ్ నుంచి ఇక్కడి దాకా 1435 మిల్లీమీటర్ల పట్టాలు, ఇక్కణ్నుంచి కొరూన్యా దాకా స్పెయిన్ పాత గేజ్, 1668 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజ్ 1676. ఎనిమిది మిల్లీమీటర్లే తేడా. ఎవరూ దిగక్కర్లేదు, బోగీ మారక్కర్లేదు, కాఫీ కప్పు కూడా కదల్లేదు. పక్క సీట్లవాళ్లు కిటికీ వైపు తల కూడా తిప్పలేదు. నేను మాత్రం అద్దానికి ముఖం ఆనించి చూశాను.

మధ్యాహ్నానికి కొరూన్యాలో దిగాం. గాలి, చిన్న తుంపర. గదిలో సామాన్లు పడేసి, నూనెలో వేయించి ఉప్పు చల్లిన పద్రోన్ పచ్చిమిరపకాయలు ఒక పళ్లెం, గుడ్డుతో చేసిన తోర్తియా తిన్నాం. ఆ మిరపకాయల్లో చాలావాటికి కారమే ఉండదు, ఎక్కడో ఒకటి చుర్రుమంటుంది.

బుధవారం, రియాజోర్

ఈ రోజు కోసమే ఇంత దూరం వచ్చింది.

కొరూన్యాలో సముద్రం ఒడ్డునే పొడవాటి నడకదారి ఉంది, దాని పొడవునా ఎర్రరంగు దీపస్తంభాలు. ఆ దారిలో నడుస్తుంటే అర్ధచంద్రాకారంలో బీచ్, రోడ్డుకు ఇవతల స్టేడియం. బీచ్ పేరు రియాజోర్, స్టేడియం పేరూ అదే. 1944లో కట్టారు. అట్లాంటిక్ మీంచి వచ్చే గాలి నేరుగా స్టేడియం గోడలకు కొడుతుంది. ఆ గాలి ఎంత ఉంటుందో గొడుగు తెరిస్తే తెలిసింది. తెరిచిన గొడుగు తెరిచినట్టే వెనక్కి తిరిగింది. మ్యాచ్ లేని రోజు కాబట్టి గేట్లు వేసి ఉన్నాయి. చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాం.

వీధి మలుపులో ఒక బార్ ఉంది. గోడ మీద నీలం తెలుపు నిలువు చారల జెర్సీ అద్దం బిగించి పెట్టారు. ఛాతీ మీద ఫెయిరాకో అని ఉంది. అది గలీసియా పాడి రైతుల సహకార సంఘం. లీగ్ గెలిచిన జట్టు జెర్సీ మీద పాల సంఘం పేరు! ఇప్పటి పెద్ద క్లబ్బుల జెర్సీల మీద విమాన కంపెనీల పేర్లు చూసిన కళ్లతో దాన్ని చూస్తే నాకు చాలా సంతోషమేసింది. జెర్సీని అంత శ్రద్ధగా చూస్తున్నానని కౌంటర్ దగ్గర కూర్చున్న ఒక పెద్దాయన మమ్మల్ని పలకరించారు. ఇండియా నుంచి డెపోర్ కోసం వచ్చామని మా వాడు చెప్పగానే కుర్చీ ఇటు తిప్పుకున్నారు.

ఆయన 2000తో మొదలుపెట్టలేదు. 1994తో మొదలుపెట్టారు. కొరూన్యాలో ఎవరిని అడిగినా అక్కణ్నుంచే చెబుతారని మా వాడు అన్నాడు.

1994 మే 14. ఆఖరి మ్యాచ్, ఇదే రియాజోర్, ప్రత్యర్థి వాలెన్సియా. గెలిస్తే డెపోర్ చాంపియన్. అక్కడ బార్సిలోనా సెవిల్లాను 5-2తో ఓడిస్తోంది కాబట్టి డ్రా సరిపోదు. స్కోరు 0-0. ఆట ముగుస్తుండగా డెపోర్‌కి పెనాల్టీ వచ్చింది. మామూలుగా పెనాల్టీలు కొట్టే డొనాటోను అప్పటికే బయటికి పిలిచేశారు. స్ట్రైకర్ బెబెతో ముందుకు రాలేదు. బంతి తీసుకుంది డిఫెండర్ మిరోస్లావ్ జుకిచ్. ఆయన కొట్టిన బంతికి బలం లేదు, గోల్‌కీపర్ గొన్సాలెస్ పట్టేసుకున్నాడు. రెండు జట్లకూ చెరి 56 పాయింట్లు. ఆ రెండు జట్లు ముఖాముఖి ఆడిన మ్యాచ్‌ల లెక్కలో బార్సిలోనా చాంపియన్.

"జుకిచ్ మీద మీకు కోపం లేదా?" అని అడిగించాను.

పెద్దాయన తల అడ్డంగా ఊపారు. ఆ నిమిషంలో బంతి దగ్గరికి వెళ్లడానికి గుండె ఉండాలని, అది జుకిచ్‌కి ఉందని అన్నారు. ఆ రోజు ఇంటికి పోయి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. కోచ్ ఆర్సెనియో ఇగ్లేసియాస్ పేరు చెప్పేటప్పుడు ఆయన గొంతు మారింది. ఆర్సెనియో ఈ పక్కనే ఉన్న అర్తెయిషోలో పుట్టిన మనిషి, 2023 మేలో చనిపోయారు. లీగ్ చేతిదాకా వచ్చి జారిపోయిన కోచ్‌ని ఒక ఊరు ఇంత ప్రేమగా తలుచుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆరేళ్ల తర్వాతి సీజన్ కథ ఆయనకు కంఠతా వచ్చు. కోచ్ హవియెర్ ఇరురేటా. టెనెరిఫె నుంచి కొత్తగా తెచ్చిన డచ్ ఆటగాడు రాయ్ మకాయ్ మొదటి మ్యాచ్‌లోనే అలావెస్ మీద మూడు గోల్స్ కొట్టాడు, 4-1. మధ్యలో బ్రెజిల్ ఆటగాడు జల్మీన్యా, అతని పక్కన మౌరో సిల్వా, ఎడమవైపు కెప్టెన్ ఫ్రాన్, వెనుక మొరాకో డిఫెండర్ నాయ్‌బెత్, గోల్‌లో కామెరూన్ సొంగో. పన్నెండో వారంలో పట్టికలో పైకెక్కిన జట్టు ఆఖరిదాకా దిగలేదు. 2000 ఫిబ్రవరిలో రియల్ మాడ్రిడ్ ఇక్కడికొచ్చి 5-2తో ఓడింది. ఆ మ్యాచ్‌లో జల్మీన్యా పెనాల్టీ ఏరియాలో బంతిని మడమతో వెనుక నుంచి లేపి తన తల మీదుగా, ముందున్న డిఫెండర్ల మీదుగా దాటించాడు. దాని నుంచి గోల్ రాలేదు. అయినా ఆ మ్యాచ్ గురించి అడిగితే ఐదు గోల్స్‌కంటే ముందు ఆ ఒక్క ముక్కే చెబుతారు. పెద్దాయన లేచి నిలబడి, కాలు వెనక్కి మడిచి మరీ చూపించారు. ఆ మాటకొస్తే రియల్ మాడ్రిడ్ 1991 తర్వాత 2010 దాకా ఈ గ్రౌండ్‌లో లీగ్ మ్యాచ్ గెలవలేదు.

వసంతం వచ్చేసరికి ఆధిక్యం కరిగిపోవడం మొదలైంది. ఊరంతా ఒకటే టెన్షన్. ఆఖరి మ్యాచ్‌కి డెపోర్‌కు 66, బార్సిలోనాకు 63. డ్రా చేసుకున్నా చాలు. ఒక్క పాయింట్ చాలు అనుకుంటే ఈ ఊరికి ధైర్యం వస్తుందా? 1994 చూసిన ఊరికి రాదు.

2000 మే 19, శుక్రవారం రాత్రి, ఎస్పాన్యోల్‌తో మ్యాచ్. మూడో నిమిషంలో తలతో గోల్ కొట్టింది ఎవరో తెలుసా? డొనాటో. 1994లో పెనాల్టీ కొట్టాల్సిన సమయానికి బయట కూర్చున్న అదే డొనాటో. అప్పటికి ఆయనకు 37 ఏళ్లు. నేను ఈ సంగతి ఎన్నోసార్లు చదివాను. అయినా ఆ గోడల పక్కన కూర్చుని ఆ రాత్రి లోపల ఉన్న మనిషి నోట వింటుంటే ఒళ్లు జలదరించింది. అరగంట దాటాక మకాయ్ రెండోది కొట్టాడు. లీగ్‌లో అతనికి అది 22వ గోల్. 2-0తో మ్యాచ్ అయిపోయింది. ఆరేళ్ల కిందటి ఆ సాయంత్రం గ్రౌండ్‌లో ఉన్న డొనాటో, మౌరో సిల్వా, ఫ్రాన్ ముగ్గురూ ఈసారి కప్పు పట్టుకున్నారు.

జుకిచ్ మాత్రం లేడు. ఆయన 1997లోనే వాలెన్సియాకు వెళ్లిపోయాడు. అంటే ఏ జట్టు కీపర్ తన పెనాల్టీ ఆపాడో ఆ జట్టుకే. డెపోర్ గెలిచిన ఐదు రోజులకు ప్యారిస్‌లో చాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడి రియల్ మాడ్రిడ్ చేతిలో 3-0తో ఓడాడు. ఆ నెల తలుచుకుంటే అందరికంటే ఎక్కువగా నేను ఆయన గురించే ఆలోచిస్తాను.

గురువారం

పొద్దున్నుంచీ వాన. హెర్క్యులిస్ టవర్ చూశాం. రోమన్లు కట్టిన దీపస్తంభం, 2009 నుంచి యునెస్కో జాబితాలో ఉంది, ఇప్పటికీ ఓడలకు దారి చూపిస్తోంది. బయటి రాతి తొడుగు పద్దెనిమిదో శతాబ్దంలో వేసినదే కానీ లోపలి గోడలు రోమన్లవే. మధ్యాహ్నం రేవు పక్కన అద్దాల బాల్కనీలున్న ఇళ్ల వరుస చూసి, తడిసి ముద్దయి గదికి చేరాం. మిగతా రోజంతా పాత మ్యాచ్ వీడియోలు.

శుక్రవారం, విగో

రైల్లో గంటన్నర లోపే విగో. జనాభాలో కొరూన్యా కంటే పెద్దది. చేపల రేవు, కార్ల ఫ్యాక్టరీ, ఆ ఫ్యాక్టరీ పక్కనే బలాయిదోస్ స్టేడియం. ఇది సెల్టా క్లబ్ ఊరు, ఆ క్లబ్ డెపోర్‌కి బద్ధ శత్రువు. "ఇక్కడ డెపోర్ మాట కాస్త మెల్లగా ఎత్తండి బావా," అన్నాడు మా వాడు.

విగో రాకుండా ఈ సీజన్ కథ పూర్తి కాదు. మే 19 రాత్రి రియాజోర్‌లో మ్యాచ్ నడుస్తుండగా క్యాంప్ నౌలో బార్సిలోనా ఎదుట ఉన్నది సెల్టానే. ఆ మ్యాచ్ 2-2. అంటే ఎస్పాన్యోల్ చేతిలో ఓడినా డెపోరే చాంపియన్ అయ్యేది. పక్క ఊరి శత్రువు బార్సిలోనాకు వెళ్లి తన ఆట తాను నిజాయితీగా ఆడింది. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు, ఆ సెల్టా అంత మంచి జట్టు. మోస్తొవోయ్, కార్పిన్, మకెలెలె ఉన్న జట్టు అది. యూరప్ పోటీల్లో బెన్ఫికాను 7-0తో, యువెంటస్‌ను 4-0తో కొట్టింది ఆ సీజన్‌లోనే. ఇక డెపోర్‌ను చాంపియన్ చేసిన ఇరురేటా, కొరూన్యా రావడానికి ముందు ఏడాది సెల్టా కోచ్. విగోవాళ్లకు అది ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

స్టేడియం చుట్టూ తిరిగి, రేవు దాకా నడిచి, సాయంత్రం బండికి వెనక్కి వచ్చేశాం.

శనివారం, క్వాత్రో కామినోస్

డెపోర్ గెలిచినప్పుడల్లా జనం చేరే ఫౌంటెన్ ఇక్కడే, నాలుగు రోడ్ల కూడలిలో. 2000లో ఊరంతా ఈ నీళ్లలోనే ఉందని చెబుతారు. ఊరంటే ఎంత? రెండున్నర లక్షల మంది. మన నిజామాబాద్ కంటే చిన్న ఊరు.

ఫౌంటెన్ ఎదురుగా కాఫీ తాగుతూ మేమిద్దరం వాదనకు దిగాం. మా వాడిది చాలామంది అనే మాటే. "69 పాయింట్లు బావా. గెలిస్తే మూడు పాయింట్లు ఇవ్వడం మొదలయ్యాక ఇంత తక్కువతో ఎవరూ గెలవలేదు. 38 మ్యాచ్‌ల్లో 11 ఓడిపోయారు. పెద్ద జట్లు పడుకుంటే వీళ్లు ఎత్తుకుపోయారు."

ఈ మాట నేను ఒప్పుకోను. పెద్ద జట్లు ఆ ఏడాది పడుకుని లేవు. చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్‌కి వచ్చిన నాలుగు జట్లలో మూడు స్పెయిన్‌వే: రియల్ మాడ్రిడ్, బార్సిలోనా, వాలెన్సియా. ఒకే దేశపు రెండు జట్లు ఆ ఫైనల్ ఆడటం అదే మొదటిసారి. యూరప్‌లో అంత బలంగా ఉన్న మూడు జట్లనూ డెపోర్ లీగ్‌లో తన కింద ఉంచింది. బార్సిలోనా, వాలెన్సియాలకు చెరి 64, జరగోజాకు 63, రియల్ మాడ్రిడ్‌కు 62, ఇటీవలే పై డివిజన్‌కి వచ్చిన అలావెస్‌కు 61. మొదటి స్థానానికీ ఆరో స్థానానికీ ఎనిమిది పాయింట్లే తేడా. ప్రతి వారం ఎవరైనా ఎవరినైనా ఓడించగల లీగ్ అది. అలాంటిచోట 90 పాయింట్లు ఎవరికి వస్తాయి? ఇప్పుడు ఇద్దరు ముగ్గురు ధనవంతులు మిగతావాళ్లందర్నీ తొక్కుకుంటూ పోతే 90 వస్తాయి. 69 తక్కువంటే లీగ్ బలహీనంగా ఉందని కాదు, బలం అందరి దగ్గరా ఉందని. ఆ పదకొండు ఓటములు కూడా ఎక్కువ భాగం బయటి ఊళ్లలోనే. ఓడి ఇంటికొచ్చి, ఇదే రియాజోర్‌లో మళ్లీ గెలుస్తూ నిలబడింది.

వాడు కాదనలేదు, అవుననలేదు. "తర్వాత ఏమైందో కూడా చెప్పండి మరి," అన్నాడు.

చెప్పాలి. 2002లో రియల్ మాడ్రిడ్ నూరో పుట్టినరోజు నాడు, వాళ్ల సొంత బెర్నబ్యూలో కోపా దెల్ రే ఫైనల్‌లో 2-1తో ఓడించింది ఈ జట్టే. 2004లో చాంపియన్స్ లీగ్‌లో ఇటలీ జట్టు ఏసీ మిలాన్ చేతిలో అక్కడ 4-1తో ఓడి, రియాజోర్‌లో 4-0తో తిరగబడింది. ఆ తర్వాత అప్పులు మింగేశాయి. 2011లో పడింది, లేచింది, 2013లో మళ్లీ పడింది, లేచింది, 2018లో ఇంకోసారి పడింది. 2020లో మూడో అంచెకు జారింది. లీగ్ చాంపియన్ జట్టు ఇరవై ఏళ్లలో అక్కడికి! ఆ చీకట్లోకి 2023 జనవరిలో తిరిగొచ్చినవాడు లూకాస్ పెరెస్, ఈ ఊరి కుర్రాడే. మొదటి డివిజన్‌లో కాడిజ్‌కి ఆడుతున్నవాడు దాదాపు 5 లక్షల యూరోలు తన జేబులోంచి కట్టి, రెండు మెట్లు కిందున్న సొంతూరి జట్టుకి వచ్చాడు. 2024 మే 12న రియాజోర్‌లో బార్సిలోనా రెండో జట్టు మీద అతను ఫ్రీకిక్‌తో కొట్టిన ఒక్క గోల్‌తో డెపోర్ రెండో డివిజన్‌కి ఎక్కింది. ఆ రాత్రి కూడా జనం ఈ ఫౌంటెన్ దగ్గరికే వచ్చారు. మేము కాఫీ తాగుతున్నప్పుడు రోడ్డు దాటిన ఒక స్కూలు పిల్లవాడి వీపు మీద ఉన్న పేరు లూకాస్.

ఆదివారం, ఒవియెడో

తెల్లారుజామునే బస్సు. తీరం వెంట కొండలు, వంతెనలు. ఒవియెడో వెళ్దామన్నది మా వాడే. వాడి అట్లెటికో ఆ సీజన్‌లో పడిపోయింది ఇక్కడే.

పాత కార్లోస్ తార్తియేరే స్టేడియంలో 2000 మే 7న అట్లెటికో 2-2తో డ్రా చేసుకుని రెండో డివిజన్‌కి జారింది. ఆ మ్యాచ్‌లో హాసెల్‌బైంక్‌కు పెనాల్టీ దొరికింది. కీపర్ ఎస్తెబాన్ ఆపేశాడు. డెపోర్‌కు పాత పెనాల్టీ గాయం మానడానికి పన్నెండు రోజుల ముందు ఇంకో ఊరికి అలాంటిదే తగిలింది. ఆ స్టేడియాన్ని కూడా కూల్చేశారు. ఇప్పుడక్కడ వాస్తుశిల్పి కలత్రావా కట్టిన సమావేశ మందిరం ఉంది, తెల్లటి ఉక్కుతో, చుట్టుపక్కల ఇళ్లన్నిటికంటే ఎత్తుగా. మా వాడు ఫోన్‌లో ఆ పెనాల్టీ వీడియో పెట్టుకుని భవనం చుట్టూ తిరిగాడు. వెనుక కనిపించే అపార్ట్‌మెంట్లను బట్టి గోల్ ఏ వైపు ఉండేదో పోల్చుకోవాలని వాడి ప్రయత్నం. నేనూ వెంట తిరిగాను. ఒక ఇటుకరంగు మేడ సరిపోయినట్టే అనిపించింది.

"ఆ వేసవిలో మీవాళ్లు మా ముగ్గుర్ని పట్టుకుపోయారు బావా," అన్నాడు స్టేషన్‌కి నడుస్తూ. నిజమే. గోల్‌కీపర్ మొలీనా, డిఫెండర్ కాప్దెవిలా, మిడ్‌ఫీల్డర్ వాలెరోన్ ముగ్గురూ అట్లెటికో పడిపోగానే డెపోర్‌కి వచ్చేశారు. వాలెరోన్ అయితే పదమూడేళ్లు కొరూన్యాలోనే ఉండిపోయాడు. అతను అట్లెటికోలోనే ఉండి ఉంటే రెండేళ్లు కింద మగ్గేవాళ్లం కాదని వీడి వాదన. కొరూన్యా రాకపోతే అతను అంత గొప్ప ఆటగాడు అయ్యేవాడు కాదని నాది. మాడ్రిడ్ రైలు పహారెస్ కొండల కింద పొడవాటి సొరంగం దాటి లియోన్ చేరేదాకా ఇద్దరం తగ్గలేదు.